ధ్రువాల మంచు, ఆళ్లగడ్డ వాన

ఆళ్లగడ్డ హైస్కూల్లో సైన్సు చెప్పే ఆనందరావు నంద్యాలలో ఒక శాస్త్రవేత్త ఉపన్యాసం విని సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాడు. చొక్కా అయినా విప్పకుండా పెరట్లోకి నడిచి, వాననీళ్లు నిండిన బానలు రెండూ బోర్లించేశాడు.

లూదియా పొయ్యి దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తాండారు?"

"ఈ నీళ్లు తాగొద్దు. పాపకు అసలే పోయొద్దు."

అది 1959 వానాకాలం. ఊళ్లో మంచినీళ్ల బావి ఉంది గానీ, ఆనందరావును సారూ అని పిలిచేవాళ్లే అంటరానివాళ్ల పేట నుంచి వచ్చిన ఆయన భార్యను బావి గట్టు ఎక్కనివ్వరు. ఇంటి బావి నీళ్లేమో ఉప్పు. అందుకని లూదియా వాన పట్టినప్పుడల్లా పాత చీర నాలుగు కొసలూ గుంజలకు కట్టి, మధ్యలో గుండ్రాయి వేసి, కింద బాన పెట్టేది. ఆ నీళ్లకు ఎవర్నీ అడగాల్సిన పని లేదు.

ఆనందరావు పీట మీద కూలబడి విన్నదంతా చెప్పాడు. దక్షిణ ధ్రువం దగ్గర మంచులో మనిషి లోతు గుంట తవ్వారట. అక్కడి మంచు కరగదు. ఏటికేడు పొర మీద పొర పడుతూనే ఉంటుంది. ఏ పొర ఏ ఏడాదిదో లెక్క కట్టొచ్చు. సముద్రాల్లో పెద్ద అణుబాంబులు పేల్చిన తర్వాతి పొరల్లో విషపు దుమ్ము దొరికిందట. అది ఆకాశంలో ఎంతో ఎత్తుకు లేచి, గాలుల వెంట భూమంతా తిరిగి, చివరికి మంచుతో పాటు దిగిందట.

"ఆడ మనుషులుండారా?"

"చెట్టు కూడా లేదు. అట్లాంటి చోటే పడితే ఈడ పడదా? మనకు వానతో దిగుతాది. పసిపిల్లల ఎముకల్లో చేరుతాదంట."

"నీళ్లు తాగొద్దని ఆయప్ప చెప్పినాడా?"

"కొంచెమేలే, భయపడొద్దన్నాడు. వాళ్లట్లనే చెప్తారు."

ఈ పాప కరుణ కంటే ముందు ఇద్దరు బిడ్డల్ని మట్టిలో పెట్టిన మనిషి ఆయన. లూదియాకు ఎదురు చెప్ప బుద్ధి కాలేదు.

మరునాటి నుంచి ఆమె ఊరి చివరి దిగుడు బావికి పోసాగింది. నారికురుపులు పట్టినవాళ్లు ఆ పుండు కాళ్లతోనే మెట్లు దిగి నీళ్లు ముంచుకునేవాళ్లు. లూదియా ఒకసారి ఆ మాట ఎత్తింది. "అది ఊటనీళ్లు. వాననీళ్లకన్నా నయం," అన్నాడు ఆయన.

మరుసటేడు ఎండలు ముదిరేసరికి కరుణ మోకాలి పక్కన బొబ్బ లేచింది. అది పగిలి, దిగుడు బావి నీళ్లతో ఒంట్లో చేరిన నారికురుపు పురుగు తెల్లటి దారంలా తల బయటపెట్టింది. పొరుగింటి పద్మమ్మ దాన్ని పుల్లకు చుట్టడం చూపించింది.

"దినానికి రవ్వంతే చుట్టాల. లాగినావంటే తెగుతాది."

మూడోనాడు చుడుతుంటే పాప నొప్పి తాళలేక కాలు విదిలించింది. పురుగు లోపలే తెగింది. మోకాలు వాచి చీము పట్టింది. పాపకు జ్వరంతో ఒళ్లు కాలిపోయింది. ఆనందరావు బడి మాని మంచం పక్కనే కూర్చున్నాడు.

"నన్నేమన్నా అను, లూదియా."

"అంటే పురుగు బయటికొస్తాదా?" అని ఆమె తడిగుడ్డ మార్చింది.

నంద్యాల ఆసుపత్రిలో చీము తీసి ప్రాణం నిలబెట్టారు. ఇంటికి పంపేరోజు డాక్టరు మోకాలిని రెండు చేతులతో పట్టి చూశాడు. కీలు బిగుసుకుపోయిందని, ఇక వంగదని చెప్పాడు.

తిరుగు బస్సు కిక్కిరిసి ఉంది. తల్లి పక్కన కూర్చున్న కరుణ కాలు దారికి అడ్డంగా చాచుకొని ఉంది.

"కాలు ముడుచుకో పాపా, జనం ఎక్కాల," అన్నాడు కండక్టరు.

పాప తల్లి మొహంలోకి చూసింది.

"ముడుచుకోలేదప్పా," అంది లూదియా. "దాటుకొని పోమను."

జనం ఒక్కొక్కరే కాలు దాటుకొని వెనక్కి పోయారు. ఎవరిదో గోనెసంచి తగిలి పాప పెదవి కొరుక్కుంది. అది చూసి ఆనందరావు జనాన్ని నెట్టుకుంటూ వచ్చి, ఆ కాలికి ఎవరూ తగలకుండా అడ్డం నిలబడ్డాడు. ఆళ్లగడ్డ వచ్చేదాకా అట్లాగే నిలబడ్డాడు. లూదియా ఆయన వైపు చూడలేదు.