నీలం మిషన్ హోరు

"తేలిగ్గా ఉండేది చూసుకో అమ్మాజీ, ఎత్తేది నువ్వే కదా" అన్నారు మా ఆయన, షేవింగ్ నురగలోంచి. ఇన్నేళ్ల కాపురంలో నా నడుము మీద ఆయన జాలి చూపించడం అదే మొదలు. వెన్నలా కరిగిపోయాను. వెన్ను మాత్రం ఎప్పట్లాగే బిగుసుకుని ఉంది. దుమ్ము పీల్చే మిషన్లు రెండు కంపెనీలవి ఇంటికి తెప్పించి, పోల్చి చూసి, ఏది బాగా పనిచేస్తుందో, ఏది ఎక్కువకాలం మన్నుతుందో తేల్చి, ఒకటి కొనుక్కోమన్నారు. "కొనుక్కో" అన్నారు, గమనించండి. ఇల్లు అందరిదీ, దుమ్ము అందరిదీ, మిషన్ మాత్రం నాది.

ఆయన పేరు వీరరాఘవయ్య. తెర మీద 'మాటలు: వీర' అని పడుతుంది. సినిమా పరిశ్రమతోపాటు మేమూ మద్రాసు వదిలి వచ్చి ఫిల్మ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నాం. ఆ తొంభై నాలుగు ఎండాకాలంలో చుట్టూ జూబ్లీహిల్స్ బండలన్నీ పేల్చి బంగళాలు లేపుతున్నారు. పొద్దున తుడిచిన టేబుల్ మీద మధ్యాహ్నానికల్లా వేలితో పేరు రాసుకోవచ్చు. నేను రాసుకునేదాన్ని కూడా. నా పేరు పడే చోటు ఈ ఇంట్లో అదొక్కటే, అది కూడా మళ్లీ నేనే తుడవాలి. పైగా సిట్టింగ్‌లకి నిర్మాతలు వస్తారని హాలంతా తివాచీ పరిపించారు. సిట్టింగ్ అంటే తెలుసుగా? కథ మీద చర్చ. వాళ్లు కూర్చుంటారు, నేను నిలబడతాను. సిగరెట్ బూడిద, పకోడీ పొడి, చర్చ మధ్యలో చచ్చిపోయిన పాత్రలు, అన్నీ ఆ తివాచీ మీదే రాలేవి. వాళ్లు లేచి వెళ్లాక నేను వంగేదాన్ని.

వంగినప్పుడు నాకు మాట్లాడే అలవాటు. చీపురుతో, సోఫాతో, దేవుడితో, ఎవరు దొరికితే వాళ్లతో. పనికి మాట తోడు లేకపోతే నాకు ఊపిరాడదు. అంతకుముందు ఏడు ఆయన రాసిన సినిమా ప్రివ్యూకి తీసుకెళ్లారు. తెర మీద ఒక లావుపాటావిడ సోఫా కింద దూరి తుడుస్తూ, "ఇది నా నడుమా, ఈ ఇంటి నడవా? ఎవరు పడితే వాళ్లు తొక్కుకుంటూ పోతున్నారు!" అంది. హాలు గొల్లుమంది. వెంటనే కమెడియన్ వచ్చి ఆవిడ వెనక చీపురుతో ఒక్కటిచ్చాడు. మళ్లీ గొల్లుమంది. పక్కసీట్లో మా అత్తగారు శారదాదేవి కళ్లు ఒత్తుకుంటూ, "మావాడికి ఆడవాళ్ల మనసు ఎంత బాగా తెలుసో!" అన్నారు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట నేను మా సోఫా కింద, నొప్పికి పళ్లు బిగబట్టి అన్నది. అప్పుడు హాల్లో నేనూ చీపురూ తప్ప ఎవరూ లేరు. చీపురు నమ్మకస్తురాలు, చెప్పదు.

మర్నాడు తుడుస్తుంటే ఫ్లవర్‌వాజు వెనక టేప్ రికార్డరు కనిపించింది. చిన్న ఎర్రలైటు వెలుగుతోంది. అప్పటికే ఇంట్లో ఒక పీల్చే మిషన్ ఉందన్నమాట. చడీచప్పుడు లేనిది, చాలా తేలికైనది.

"నువ్వు వాగేది ఎలాగూ గాలికి పోయేదే కదే, నేను పట్టుకుంటే తప్పా?" అన్నారాయన, నిలదీస్తే.

"పట్టుకున్నవాళ్లు పేరు కూడా పెట్టాలి కదండీ?"

"టైటిల్స్‌లో వెయ్యాలంటే యూనియన్ కార్డుండాలి. అయినా మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏంటి?"

"అయితే ఈ చీపురు తీసుకోండి, మీదే."

పకపకా నవ్వారు. ఆ తరవాతి సినిమాలో అదీ వచ్చింది. నోరు కట్టేసుకుందామని చాలా ప్రయత్నించాను. పని సాగలేదు, నొప్పి ఆగలేదు. మళ్లీ మొదలుపెట్టాను. లైటు వెలుగుతూనే ఉంది.

అందుకే మిషన్ కొనుక్కోమనగానే అంతలా కరిగాను. నా మాటలకి కాస్త కూలి ఇన్నాళ్లకి నా నడుముకి ముట్టిందనుకున్నాను. రెండు కంపెనీల వాళ్లనీ ఒకే పొద్దుట రమ్మన్నాను. ఎదురెదురుగా పెడితే ఇద్దరి అబద్ధాలూ సగానికి తగ్గుతాయి కదా. ఎర్ర మిషన్‌తో రామకృష్ణ వచ్చాడు, ఎండలో టై కట్టుకుని. నీలం మిషన్ మోసుకుంటూ వెంగళరావు నగర్ నుంచి మంజులత వచ్చింది. మా ఆయన బయటికెళుతూ, "నోరారా మాట్లాడుతూ చూడు, నీకూ సరదా, వాళ్లకీ సరదా" అని ఫ్లవర్‌వాజు ఒక్కసారి సర్ది వెళ్లారు. లైటు చూశాను. వెలగనీ, నడుముకి సాయం వస్తోందిగా అనుకున్నాను.

తివాచీ మీద ఒక పక్క సిగరెట్ బూడిద, ఒక పక్క బండల పొడి, మధ్యలో పంచదార చల్లాను. ఇద్దరూ పీల్చి, సంచులు తెల్లగుడ్డ మీద దులిపారు. ఎర్రది బూడిదా పంచదారా తీసింది కానీ తివాచీ కుదుళ్లలో బండపొడి వదిలేసింది. నీలంది మూడూ లాగింది, తివాచీని కూడా లాగబోయింది. ఎర్రదాని ప్లాస్టిక్ గొట్టం మెలిపెడితే మడత దగ్గర తెల్లగీత పడింది. నీలందానిది ఇనప గొట్టం, గుడ్డ సంచి, ఉతికి ఆరేసుకోవచ్చు. కానీ ఎర్రది ఒంటిచేత్తో లేచింది. నీలందాన్ని ఎత్తితే నడుము 'ఊఁ' అంది.

"పూలబుట్ట మేడమ్ మాది!" అన్నాడు రామకృష్ణ. "సౌండే ఉండదు. పక్కన పాప నిద్రపోవచ్చు."

"తేలిగ్గా ఉన్నవాళ్లని ఈ ఇంట్లో మరీ తేలిగ్గా తీసుకుంటారు బాబూ, ఆలోచించుకో" అన్నాను. "దుమ్మెత్తిపోయడం మా అత్తగారి పని. దుమ్మెత్తడం నా పని."

ఇద్దరూ నవ్వారు. గుమ్మం దగ్గర నిలబడ్డ కొమురమ్మ నవ్వలేదు. యూసుఫ్‌గూడ నుంచి రోజూ వచ్చి అంట్లు తోమి, నాతోపాటు ఇల్లు ఊడ్చే మనిషి.

"అమ్మా, గిదొస్తె నన్ను బంద్ వెడ్తరా ఏంది?"

నేను నోరు తెరిచేలోపే పడక్కుర్చీలోంచి మా అత్తగారు అందుకున్నారు. "మిషనొచ్చాక ఇంకా మనిషెందుకే? అమ్మాజీ ఉందిగా!"

మనిషి అక్కర్లేదు, అమ్మాజీ ఉంది. ఆ మాటలో నేను మనుషుల లెక్కలో ఉన్నానా, మిషన్ల లెక్కలో ఉన్నానా అని ఆలోచిస్తుండగానే ఫోన్ మోగింది. అవతల ప్రొడక్షన్ మేనేజరు.

"వీరగారు లేరా? పర్లేదమ్మా. ఆ వాక్యూమ్ క్లీనర్ సేల్స్‌మేన్ కామెడీ గురువారం సిట్టింగ్‌లో వినిపించాలని గుర్తుచెయ్యండి. దానికోసం రెండు మిషన్లు ఇంటికే తెప్పిస్తున్నారటగా! ఏం డెడికేషనమ్మా మీవారిది!"

ఫోన్ పెట్టేశాను. నా నడుము కోసం కాదు. ఆయనకి ఒక సీను కావాలి. గొల్లుమనిపించే ఆడదొకతి కావాలి. ఆవిడ చేతికి ఒక మిషన్ ఇచ్చి, ఎదురుగా అమ్మేవాళ్లిద్దరిని నిలబెట్టి, ఫ్లవర్‌వాజు సర్ది వెళ్లారు. 'ఎత్తేది నువ్వే కదా' అన్నది కూడా డైలాగే. దానికి కరిగాను నేను. మోసానికి కూడా కాదు నాకు ఏడుపొచ్చింది. ఆ ఒక్క మాట కోసం ఇన్నేళ్లు ఎంత ఎండి ఉంటే అంతలా కరిగానో అని వచ్చింది.

మంజులత ఇంకోసారి నీలం మిషన్ స్విచ్చి వేసింది. హాలు హోరెత్తింది.

"అబ్బో, ఏం సప్పుడమ్మా!" అని అరిచింది కొమురమ్మ. "గిది నడుస్తుంటె నువ్వేం జెప్పినా ఒక్క ముక్క ఇనొస్తలేదు!"

"ఏమన్నావ్?"

"ఇనొస్తలేదంటున్న!"

నేరుగా ఫ్లవర్‌వాజు దగ్గరికి వెళ్లాను. టేపు మొదటికి తిప్పాను. అప్పటిదాకా అన్నవన్నీ చెరిగిపోయేలా మళ్లీ ఎర్రబటన్ నొక్కి, నీలం మిషన్‌ని దాని పక్కకి లాక్కొచ్చుకున్నాను. ఆ హోరులో మాట్లాడాను. చీపురుతో అన్నవీ, దేవుడితో కూడా అననివీ, నవ్వించేవీ, నవ్వెందుకు రావాలని నిలదీసేవీ. ఏం మాట్లాడానో మీకూ చెప్పను. నా మాటలు నేనొక్కదాన్నే విన్నాను, మొదటిసారి. మంజులత నా పెదాల వంకా కళ్ల వంకా చూసింది. స్విచ్చి మాత్రం ఆపలేదు.

నేనే ఆపి, "ఇదే తీసుకుంటాను" అన్నాను.

"బరువు మేడమ్!" అన్నాడు రామకృష్ణ.

"మోస్తాను. కొమురమ్మా, రేపు పొద్దున్నే వచ్చెయ్. మెట్ల మీద దీన్ని ఇద్దరం పట్టుకోవాలి."

"ఇద్దరా?" అన్నారు అత్తగారు.

"ఇద్దరు మనుషులండీ."

గురువారం దాకా ఆయన డబ్బింగ్ థియేటర్లో ఇరుక్కుపోయారు. టేపు విని రాసుకునే తీరిక దొరకలేదు. నా నోటి మీద నమ్మకం కొద్దీ తిన్నగా సిట్టింగ్‌కే పట్టుకొచ్చారు. నిర్మాత, డైరెక్టరు, మేనేజరు కూర్చున్నారు. నేను కాఫీ ట్రేతో నిలబడ్డాను.

"ఈసారి కొత్త పద్ధతండీ" అన్నారాయన. "నేను రాసిన డైలాగులు మా ఆవిడచేత చదివించి రికార్డు చేశాను. ఆడగొంతులో పండుతాయో లేదో చూద్దామని."

నా మాటలు ఆయన రాసినవీ, నేను చదివినవీ అయిపోయాయి. ఇంతకుముందు దొంగతనమే, ఇప్పుడు సొంతదారుని చదివిపెట్టే పనిమనిషిగా కూడా చూపించేశారు.

టేపు తిరిగింది. హోరు. ముందుకి తిప్పారు. హోరు. ఇంకా ముందుకి తిప్పారు. హోరు.

"ఏంటండీ వీరగారూ, తుఫాను సీనా?" అన్నాడు డైరెక్టరు.

ఆయన మొహం గోడ సున్నంలా అయింది. అందరూ నా వైపు తిరిగారు. ఆ ఇంట్లో అంతమంది నన్ను ఒకేసారి చూడడం నాకు గుర్తులేదు.

"ఏం చదివావే అప్పుడు? గుర్తున్నంతవరకూ చెప్పు, పర్లేదు, చెప్పు వాళ్లకి!" అన్నారు, నవ్వుతున్నట్టు పళ్లు కనబరుస్తూ.

నాలుక చివర అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పొల్లుపోలేదు. ట్రే టీపాయ్ మీద పెట్టాను.

"మీరు రాసిందే కదండీ నేను చదివింది. మీకే గుర్తుండాలి" అని, ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని వాళ్లెదురుగా కూర్చున్నాను.