అసిరమ్మ నోట్లో మార్నింగ్ షో

నేను ఒక మూడు బ్యాటరీల టార్చిలైటుని. రేకు ఒళ్ళు, గుండ్రటి గాజు మొహం, వీపు మీద ఎర్ర బొత్తాం. ఎక్కడో ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీలో పుట్టినట్టు నా అడుగున చిన్న అక్షరాలుండేవి. అవి అరిగిపోయాయి. అందుకని ఎవరైనా అడిగితే మాది శ్రీకాకుళం జిల్లా అని చెప్పేస్తాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదనుకోండి.

నా మొదటి ఉద్యోగం సినిమాహాల్లో. ఆట మొదలయ్యాక వచ్చినవాళ్ళకి గేటు కీపరు సన్యాసప్పడు నా వెలుతురులో బెంచీలు చూపించేవాడు. మనుషుల సంగతి నాకు అక్కడే బోధపడింది. కాళ్ళ ముందు లైటు వేస్తే వెనకాలే నడిచి వస్తారు. అదే లైటు పొరపాటున మొహమ్మీద పడిందా, "తియ్రా లైటు!" అని కసురుకుంటారు. ఎవరికీ తమని తాము చూపించుకోవడం ఇష్టం ఉండదు. పక్కవాణ్ణి చూడమంటే మాత్రం మెడలు సాగిపోతాయి.

పన్నెండేళ్ళ తర్వాత హాలు మూసేసి కల్యాణమండపం చేశారు. తెర పోయింది, కుర్చీలు పోయాయి, నన్ను అడగడం ఎవరికీ గుర్తు రాలేదు. సన్యాసప్పడికి నీలాలపేట సర్కారు ఆస్పత్రిలో వాచ్‌మన్ పని దొరికితే నన్నూ వెంటపెట్టుకుని వెళ్ళాడు. ఒకరోజు కరెంటు పోయినప్పుడు నన్ను డాక్టరుగారికి అందించాడు. కరెంటు వచ్చింది. ఆయన నన్ను బల్ల సొరుగులో పెట్టారు. అంతే, మూడేళ్ళు ఆ సొరుగే నా కాపురం.

డాక్టరు హేమసుందర్‌కి ముప్పై ఇంకా నిండలేదు. వాళ్ళ వంశంలో తెల్లకోటు తొడిగిన మొదటివాడు. మనిషి మంచివాడు. రోగిని కసరడు, మధ్యాహ్నం భోజనానికి లేవమని నర్సు గుర్తు చేస్తే తప్ప లేవడు. అలాంటి మనిషి నన్ను ఎందుకు ముట్టుకోడో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఎందుకంటే నన్ను ముట్టుకోమని జిల్లా ఆఫీసు నుంచి కాగితమే వచ్చింది. ముప్పై దాటినవాళ్ళందరికీ నోరు తెరిపించి, లైటు వేసి, క్యాన్సర్ జాడ ఏమైనా ఉందేమో చూడాలట. కావలసిన సామానులో మొట్టమొదటి పేరు 'టార్చిలైటు'. ప్రభుత్వం వారి కాగితంలో నా పేరు! సంతోషంతో నా బల్బు దానంతటదే వెలుగుతుందేమో అనుకున్నాను. డాక్టరుగారు కాగితం చదివి, జాగ్రత్తగా మడిచి, నా మీదే పెట్టి, సొరుగు మూసేశారు.

నర్సు నూకరత్నం వదిలే రకం కాదు. "సార్, నోళ్ళు చూడ్డం ఎప్పుడు మొదలెడదాం?" అని వారానికోసారి అడిగేది. జవాబులన్నీ సొరుగులోంచి విన్నాను. ఒకసారి "బయట వందమంది ఉన్నారు, టైమెక్కడిదండీ?" ఇంకోసారి "నేను పళ్ళ డాక్టర్ని కాను కదా." మరోసారి "చూసి చెప్పినా వీళ్ళు వైజాగ్ వెళ్తారా ఏంటి?" అన్నీ నిజాలే. కానీ గొంతు ఎక్కడో తడబడేది. ఒక వానాకాలం సాయంత్రం ఓపీ అయిపోయాక అసలు మాట బయటపడింది.

"చూస్తే కనపడుతుందండీ నూకరత్నం గారూ. కనపడితే నేనేం చెయ్యాలి? చదువుకునేటప్పుడు ఒక్కటంటే ఒక్క బొమ్మ చూపించారు. అదీ భోజనానికి ముందు క్లాసులో. లేనిదాన్ని ఉందంటే ఒక ఇల్లు ఏడుస్తుంది. ఉన్నదాన్ని లేదంటే…"

"అంటే సార్, మీకు భయం."

"భయం కాదు." కుర్చీ వెనక్కి జరిపి, "ఆ, భయమే" అన్నారు.

నేను సొరుగులో ఉన్నాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ మొహమ్మీద లైటు వేసేవాణ్ణి, ఆయన తియ్యమనేవారు.

ఇక అసిరమ్మ. ఆస్పత్రి ఊడ్చే మనిషి. ఆ తీరంలో చాలామంది ఆడవాళ్ళలాగే ఆవిడదీ అడ్డపొగ. అంటే చుట్టకి నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. గాలికి ఆరదు, బూడిద రాలదు, రెండు చేతులూ చీపురుకి ఖాళీ. 'ఇక్కడ పొగ తాగరాదు' అన్న బోర్డుని రోజూ తుడిచేది కూడా ఆవిడే. డాక్టరుగారు ఎదురైతే నిప్పు లోపలే ఉంచి, మూతి బిగించి, బుద్ధిగా దణ్ణం పెట్టేది. ఆయన మూడేళ్ళుగా తిరిగి దణ్ణం పెడుతున్నారు. చెవుల్లోంచి పొగ రాకపోవడం ఒక్కటే విచిత్రం.

అప్పుడు జిల్లా నుంచి ఫోను వచ్చింది. గురువారం స్క్రీనింగ్ జరగాలి, ఫొటోలు పంపాలి. డాక్టరుగారు సన్యాసప్పడిని పిలిచి, "గురువారం పొద్దున్న స్క్రీనింగ్ ఉంది. ఓ నలుగురికి చెప్పు, ఫొటో తీసి పంపేస్తే చాలు" అన్నారు.

పన్నెండేళ్ళు సినిమాహాల్లో పనిచేసిన మనిషితో 'స్క్రీనింగ్' అనవచ్చా? చెప్పండి! సన్యాసప్పడు ఆటో ఎక్కాడు. మైకు పట్టాడు.

"అమ్మలారా, అయ్యలారా! గురువారం పదిగంటలకి మన ఆస్పత్రిలో స్క్రీనింగ్! టిక్కెట్టు నేదు! ఎవులి సాపలు ఆలే తెచ్చుకోండి! ఆలీసంగా వొచ్చినోలకి సీట్లు సూపించే పూచీ నాది!"

గురువారం తెల్లారేసరికి నన్ను సొరుగులోంచి తీసి వెనక మూత విప్పాడు. పాత బ్యాటరీలు కారిపోయి లోపలంతా పచ్చగా తుప్పు పట్టింది. బయట మెరుస్తూనే ఉన్నాను, నాకే తెలీదు! ఉప్పుకాగితంతో గీకి, కొత్త బ్యాటరీలు వేసి, నా మొహం లుంగీకి తుడిచాడు. హాలు కిటికీలు మూసేశాడు. గోడకి మంచం మీది తెల్లదుప్పటి మేకులు కొట్టి కట్టాడు.

డాక్టరుగారు బండి దిగి లోపలికి వచ్చేసరికి చీకట్లో ఎనభైమంది చాపలేసుకుని కూర్చున్నారు. వాళ్ళతోపాటు పిల్లలు, మరమరాల పొట్లాలు, ఒక మేకపిల్ల.

"సన్యాసప్పడూ! ఏంటయ్యా ఇది?"

"స్క్రీనింగు బాబూ. తెర కట్టీసినాను. రీలు తమరు తెచ్చినారేటి?"

నూకరత్నం నవ్వలేక బరువు తూచే మిషను మీద కూలబడింది. ముల్లు గిరగిరా తిరిగింది.

"ఫైటింగులున్నాయా బాబూ?" అని ఒక చాప మీంచి.

"పాటలైనా ఉన్నాయేటి?" అని ఇంకో చాప మీంచి.

డాక్టరుగారు చేతులెత్తారు. "అమ్మా, స్క్రీనింగ్ అంటే సినిమా కాదు. నోట్లో క్యాన్సర్ లాంటిది ఏమైనా మొదలవుతోందేమో చూడటం."

ఒకరిద్దరు చాపలు చుట్టడం మొదలుపెట్టారు. ఆయన ఇక ఇళ్ళకి పొమ్మంటారనే అనుకున్నాను. గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ అసిరమ్మ అందుకుంది.

"మరి సూడు. ఎవులొద్దన్నారు? మూడేల్ల నుంచీ నీ గది తుడస్తన్నాను, ఒక్కపాలైనా నోరు తెరమన్నావా బాబూ?"

"నీకెందుకమ్మా? నువ్వు చుట్ట కాల్చవు కదా."

అసిరమ్మకి నవ్వాగలేదు. నోరు తెరిచి నవ్వింది. నోట్లోంచి గుప్పున పొగ వచ్చింది!

ఎనభైమందీ ఈలలు, చప్పట్లు. మొదటి సీనుకే అంత గోల నా సినిమాహాలు రోజుల్లో కూడా ఎరగను. ఆవిడ తాపీగా వెలుగుతున్న చుట్ట బయటికి తీసి ఆర్పి, నోరు పుక్కిలించి వచ్చి స్టూలు మీద కూర్చుంది. నోరు బారెడు తెరిచింది. సన్యాసప్పడు నన్ను డాక్టరుగారి చేతిలో పెట్టాడు.

నా వెలుగు అంగిలి మీద వణికింది. తెల్లబారి బీటలు తీసిన చర్మం, దాని మీద ఎర్రటి చుక్కలు, వెనక వారగా చింతగింజంత మందపాటి మచ్చ.

"ఏటి బాబూ?" అందావిడ, నోరు మూసి. నవ్వు సగానికి దిగింది. "పలకవేటి?"

టైము లేదనొచ్చు, పళ్ళ డాక్టరు దగ్గరికి పొమ్మనొచ్చు. ఏమీ లేదులే అని ఇంటికి పంపేయొచ్చు. ఆ మూడూ ఆయన వేళ్ళలోకి వచ్చి నన్ను నొక్కాయి.

"నాకు సరిగ్గా తెలీదమ్మా," అన్నారు. "మచ్చ ఉంది. తెలిసినవాణ్ణి ఇప్పుడే అడుగుతాను."

విశాఖపట్నంలో క్యాన్సర్ వైద్యం చేసే పాత క్లాసుమేటుకి అక్కడే ఫొటో పంపి ఫోను చేశారు. స్పీకరు ఆన్‌లో ఉందని మర్చిపోయారు.

"ఒరే సుందరూ! ఇంత చిన్నగా ఉన్నప్పుడు నా దగ్గరికి ఎవరొస్తారురా? అన్నీ మించిపోయాకే వస్తాయి. సోమవారం తీసుకురా, ముక్క తీసి చూద్దాం. అనుమానం వస్తే ఎప్పుడైనా ఫోన్ చెయ్, నవ్వనులే."

ఆ ఆఖరి మాటకి డాక్టరుగారి చెయ్యి నా మీద కుదురుకుంది. మూడేళ్ళ భయానికి మందు ఒక ఫోను నంబరన్నమాట! నూకరత్నం వెంటనే దాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసేసింది.

"నన్నాడ వొదిలీసి వొచ్చీయవు గదా?" అంది అసిరమ్మ, చాలా చిన్నగా.

"నేనే తీసుకెళ్తాను. నేనే తీసుకొస్తాను."

ఆ తర్వాత సన్యాసప్పడు ఒక్కొక్కళ్ళనీ స్టూలు దాకా నడిపించాడు. ఎనభై నోళ్ళు! తాంబూలాలు, బంగారు పళ్ళు, అసలు పళ్ళే లేనివి, మధ్యలో దూరబోయిన మేకపిల్లది. ఇంకో ఇద్దరికి మచ్చలు కనిపించాయి. ఒకాయన వైజాగ్ వెళ్ళాడు. ఇంకొకామె ఇవాళ్టికీ "రేపెల్తాను" అంటోంది. నూకరత్నం ఆమె ఇంటి చుట్టూ తిరుగుతోంది.

సోమవారం డాక్టరుగారు నన్ను సంచీలో మర్చిపోబట్టి నేనూ వైజాగ్ చూశాను. పరీక్షలో తేలిందేమిటంటే, అది ఇంకా క్యాన్సర్ కాలేదు, కాబోతోంది. మచ్చ తీసేశారు. చుట్ట మానాలన్నారు. అసిరమ్మ లవంగం నములుతూ, చుట్టని కాదు గానీ మమ్మల్నందర్నీ తిడుతూ మానింది.

ఇప్పుడు నా చోటు సొరుగు కాదు, గుమ్మం పక్క మేకు. ప్రతి గురువారం మార్నింగ్ షో. జిల్లా ఆఫీసు తర్వాత కాగితం పంపి, ఇంతమందికి ఎలా నచ్చజెప్పారని అడిగింది. డాక్టరుగారు చాలాసేపు పెన్ను కొరికి, 'చాపలు తెచ్చుకోమన్నాం' అని రాశారు.

మొన్న అసిరమ్మకి మళ్ళీ చూపించుకునే రోజు. స్టూలు మీద కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది. కొంగు ముడి నలుపుతున్న వేళ్ళు చూశాను. డాక్టరుగారి చెయ్యి వణకలేదు. అంగిలి లేత గులాబీ రంగులో మెరుస్తోంది. వెనక వారగా చిన్న గీత తప్ప ఏమీ లేదు. ఆయన ఒకసారి చూశారు, పక్కకి వంచి ఇంకోసారి చూశారు. ఆవిడ లైటు తియ్యమనలేదు.

"బాగుందమ్మా. శుభ్రంగా ఉంది."

అసిరమ్మ ఒక కన్ను తెరిచింది. "అయితే శుభం పడిపోయినట్టేనా బాబూ?"

"లేదు. ఇంటర్వెల్. ఆర్నెల్లకి మళ్ళీ రావాలి."

"ఓలమ్మో, ఎంత పెద్ద సినిమా!" అని లేచి, నన్ను ఆయన చేతిలోంచి లాక్కుని, వరసలో తర్వాతి మనిషి కాళ్ళ ముందు లైటు వేసింది. "రండి, రండి. ముందు సీటు ఖాళీ."