సైలెన్సర్ల ఈశ్వరరావు

నిలువునా కోసి ప్రదర్శనకి పెట్టిన సప్రెసర్‌ని, అంటే తుపాకీ సైలెన్సర్‌ని, ఎడంచేత్తో పట్టుకుని, దాని లోపలి గదుల్లో చేరిన దుమ్మును పాత టూత్‌బ్రష్‌తో దులుపుతూ, "బ్రూస్, నేను ఉద్యోగం మానేస్తున్నాను" అని ఈశ్వరరావు ఇంగ్లిషులో అనుకుంటున్నాడు. పైకి అనలేదు. నెలరోజులుగా అలా అనుకుంటూనే ఉన్నాడు.

భార్య సుభద్ర ఎనిమిది గంటల దూరంలోని లోవర్ హట్‌లో కూతురి దగ్గరికి ముందే వెళ్లిపోయింది. శనివారం ఇతనూ ఇల్లు ఖాళీ చెయ్యడానికి సామాన్ల లారీ వస్తుంది. ఇవాళ గురువారం. పాపకూర ఊళ్లోని ఈ వేటసామాన్ల కొట్టు యజమాని బ్రూస్‌కి మాత్రం ఆ సంగతేమీ తెలియదు.

పొద్దున ఫోన్‌లో సుభద్ర అడిగింది. "చెప్పారా?"

"ఇవాళ చెప్పేస్తా."

"నిన్నా అదే అన్నారు. పెళ్లిచూపుల్లోనూ ఇంతే. మీరు నచ్చిందని నోరు విప్పేలోపు మా నాన్న ఇంకో సంబంధం ఖాయం చెయ్యబోయాడు."

అతనిది పొట్టి శరీరం, వంగిన భుజాలు, గుండీలు ఎప్పుడూ ఒక కాజా తప్పే గోధుమరంగు స్వెట్టర్. మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకుని, చాలాసార్లు అంతటితోనే ఆగిపోతాడు. కాకినాడలో స్కూటర్ సైలెన్సర్లు అమ్మాడు. ఈ పరాయి దేశమొచ్చి తుపాకీలవి అమ్ముతున్నాడు. స్కూటర్ నడపడం రాదు. తుపాకీ ఎప్పుడూ పేల్చలేదు.

పదకొండింటికి పక్కనున్న ఫ్లాట్ బుష్ నుంచి ఉదయభాస్కర్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు వచ్చాడు. జింకల వేటకని కొత్తగా లైసెన్స్ తీసుకున్నాడట.

"అంకుల్, సినిమాల్లోలాగా ఠుస్ అనాలి. అంతే."

"మీది ఏ తుపాకీ బాబూ?"

"త్రీ-ఓ-ఎయిట్ రైఫిల్."

"అయితే ఠుస్ అనదు." ఈశ్వరరావు ఆ కోసిన సప్రెసర్‌ని చూపించాడు. "తూటా వెనకాలే మందు కాలిన వేడిగాలి ఒక్కసారి బయటికి దూకుతుంది. ఆ దూకుడే చప్పుడు. ఈ గదుల్లో అది తిరిగి తిరిగి అలిసిపోయి, చల్లారి, నెమ్మదిగా వస్తుంది. కుందేళ్లని కొట్టే ట్వంటీటూలో మందు తక్కువ, చిన్న గొట్టం చాలు. నెమ్మదిగా పోయే తూటా వేస్తే టిక్కుమంటుంది. మీదానికి లావుగొట్టం కావాలి. అయినా మీ తూటా శబ్దం కన్నా జోరుగా పోతుంది. దారిపొడుగునా కొరడా ఝళిపించినట్టుంటుంది. దాన్ని ఏ గొట్టమూ ఆపలేదు."

"మా ఫ్రెండ్ దగ్గర ట్వంటీటూది ఉంది. దాన్నే బిగించేస్తే?"

"అంత సన్న కన్నంలోంచి ఇంత లావు తూటానా? గొట్టం పగిలి మీ మొహం మీదికొస్తుంది. లావుదాన్ని సన్న తుపాకీకి పెట్టుకోవచ్చు, మరలు కలిస్తే. చప్పుడు కాస్త ఎక్కువొస్తుంది."

"భలే చెప్తారు అంకుల్! యూట్యూబ్ పెట్టొచ్చుగా?"

తుపాకీల చప్పుడు గురించి ఎంతైనా చెప్పగలడు. తన సంగతే అంతుచిక్కదు. కోపమొచ్చినా, ప్రేమొచ్చినా లోపల ఏవో గదులు దాటుతూ దాటుతూ, పెదాల దగ్గరికొచ్చేసరికి 'ఊఁ' అయిపోతుంది.

బ్రూస్ కాఫీ తెచ్చిచ్చాడు. "బాగుందా రావ్?"

"చాలా బాగుంది. బ్రూస్..."

"చెప్పు."

"వాన పడేలా ఉంది."

బ్రూస్ కిటికీలోంచి మబ్బుతునక లేని ఆకాశాన్ని చూసి, మర్యాదగా తలూపాడు.

మధ్యాహ్నం ఇద్దరూ ఊరిబయట తుపాకీలు పేల్చి చూసే రేంజ్‌కి వెళ్లారు. ఒక రైతు తుపాకీకి బిగించిన కొత్త సప్రెసర్‌ని పరీక్షించాలి. చుట్టుపక్కల ఎవరూ లేరు. బ్రూస్ చెవులకి చప్పుడు ఆపే మఫ్‌లు పెట్టుకుని బోర్లా పడుకుని గురి చూస్తున్నాడు. ఈశ్వరరావు తన మఫ్‌లు సర్దుకుని అతని వీపు వైపు చూశాడు. వినబడని మనిషికి చెప్పడంలో ఎంత సుఖముందో!

"బ్రూస్, నేను మానేస్తున్నాను. శనివారం ఊరు విడిచి వెళ్లిపోతున్నాను. నీ కాఫీ ఘోరంగా ఉంటుంది. ఇన్నేళ్లూ బాగుందన్నాను. నిన్ను వదిలి వెళ్లడం నాకు చేతకావడం లేదు."

బ్రూస్ పేల్చాడు. కొరడా దెబ్బ కొండవాలు దాకా పోయి చల్లారింది. తుపాకీని పక్కన పెట్టి, మఫ్‌లు తీసి, లేచి వచ్చి ఈశ్వరరావు చెవుల మీదివీ తనే తీశాడు.

"నావి కొత్తరకం, రావ్. బ్యాటరీవి. పేలుడుని ఆపి, మాటల్ని పెద్దవి చేస్తాయి. నిన్న శాంపిల్ వచ్చింది."

ఈశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "ఎంతవరకు వినబడింది?"

"కాఫీతో సహా."

ఇద్దరూ టార్గెట్ దగ్గరికి నడిచి తూటా పడిన చోటు చూశారు. తర్వాత బ్రూస్ అడిగాడు. "లారీ ఎక్కించడానికి మనుషులున్నారా?"

"ఊఁ... లేరు."

"నేనొస్తాను."

శనివారం పొద్దున్నే బ్రూస్ వచ్చాడు. బీరువా ఒక పక్క అతనూ, ఒక పక్క ఈశ్వరరావూ పట్టుకుని లారీలోకి ఎక్కించారు.  లారీ వెనకాలే ఈశ్వరరావు కారు మలుపు తిరిగింది.

సోమవారం కొట్లో, కౌంటరు వెనక మేకుకి ఈశ్వరరావు గోధుమరంగు స్వెట్టర్ ఇంకా వేలాడుతోంది, మోచేతుల దగ్గర ఉబ్బి, ఒక కాజా తప్పించి పెట్టిన గుండీలతో.