అభ్యర్థి కనిపించలేదు

సీసాల ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూలు మంగళవారం పదింటికి. అందరినీ ఒకేలా అడగాల్సిన పది ప్రశ్నలూ చట్టం ప్రకారం అచ్చువేసి ఉంటాయి. పర్సనెల్ ఆఫీసరమ్మ వాటిని పొల్లుపోకుండా చదువుతుంది. అంతకుముందు యజమాని కాసేపు పిచ్చాపాటీ మాట్లాడతాడు.

"అది ఇంటర్వ్యూ కాదు, మర్యాద" అంటాడాయన.

ఆ మర్యాదలో ఇంటి సంగతి ఒకటి అడిగినప్పుడల్లా ఎదురుగా కూర్చున్న మనిషి ఒక అంగుళం తగ్గుతుంది. తెలిసిందే కనుక ఆడవాళ్లు ఎత్తు మడమల చెప్పులేసుకుని వస్తారు. మగవాళ్లకి ఆ అవసరం ఎప్పుడూ పడలేదు.

ఆ రోజు సూపర్‌వైజర్ పోస్టుకి వచ్చినావిడ, తొమ్మిదేళ్లుగా అక్కడే సీసాల్ని దీపం ముందు పట్టి గాజులో బుడగలు వెతుకుతున్న మనిషి.

"పెళ్లయి ఎన్నాళ్లయిందమ్మా?"

"నాలుగేళ్లు సార్."

"పిల్లలు?"

"లేరు సార్."

"లోపం నీదా, ఆయనదా? తప్పుగా అనుకోకు, కూతురిలాంటిదానివని అడుగుతున్నా."

మూడంగుళాలు పోయాయి.

"సీసాల గురించి అడగండి సార్."

"అడుగుతాంలే, తొందరేముంది? అత్తగారు మీతోనే ఉంటారా? రాత్రి షిఫ్టంటే మీ ఆయన ఊరుకుంటాడా? రేపు కడుపొస్తే మా గతేంటి?"

ఆఫీసరమ్మ గొంతు సవరించుకుంది. ఒకప్పుడు ఆవిడా ఆ కుర్చీలో కూర్చునే ఉద్యోగం తెచ్చుకుంది. పెళ్లి చేసుకోనని మాటిచ్చి ఐదంగుళాలు పోయాక ఆపించుకుంది. చేసుకోనూ లేదు. గొంతు సవరించుకుని, మంచినీళ్లు తాగింది.

అరగంట మర్యాద అయ్యాక పది ప్రశ్నలూ చదివింది. జవాబులు బల్ల కిందనుంచి వచ్చాయి. పదికి పదీ సరైనవే.

యజమాని కళ్లజోడు సవరించుకున్నాడు. "ఎదురుగా ఎవరూ కనిపించడం లేదే."

"ఇక్కడే ఉన్నాను సార్."

"నేను నిబంధన తప్పేవాణ్ణి కాదు. కనిపించని మనిషికి మార్కులెలా వేస్తాం?"

గైర్హాజరు అని రాసి, కాగితం ఆఫీసరమ్మ వైపు జరిపాడు. ఆవిడ సంతకం చేసింది.

సోమవారం కొత్త సూపర్‌వైజర్ చేరాడు. ఆరడుగుల మనిషి, గాజులో బుడగకీ మరకకీ తేడా తెలీదు. అతనికి పని నేర్పే బాధ్యత బుడగలు వెతికే ఆవిడకే అప్పగించారు. దీపం అందడం లేదని ఆవిడ అర్జీ పెట్టుకుంటే, కంపెనీ ఆ రోజే ఒక పీట మంజూరు చేసింది.