కిటికీ నడిమి రాయి

సముద్రం మీంచి వచ్చిన పొగమంచు కిటికీ దగ్గర ఆగింది. ఉప్పు వాసన. తడి రాతి వాసన.

మా ఇంటి మెట్లు గుండ్రంగా తిరుగుతాయి — నత్తగుల్ల లోపలిలాగా.

ఇద్దరు పక్కపక్కన ఎక్కలేరు. పెళ్ళినాడు నేను ముందు, ఎఫీ వెనక. ఆమె అడుగులు విన్నాను. ముఖం చూడలేదు.

ఆ మెట్ల మీద మంచం ఎక్కదు. శవపేటిక దిగదు.

రెండూ కిటికీలోంచే.

స్కాట్లండులో, ఫైఫ్ తీరాన మా వీధి ఇళ్ళన్నీ అంతే. కట్టినవాళ్ళు తుఫానుకి భయపడి గోడలు బారెడు మందాన లేపారు. గోడ కొసలకి మెట్లుమెట్లుగా రాళ్ళు పేర్చారు, కాకిమెట్లంటారు. చావు సంగతి ఆలోచించలేదు. తర్వాత మా తాత, పెట్టె పట్టేలా, పై గది కిటికీ నడిమి నిలువు రాయిని పీకించాడు.

ఎఫీ ఆ కిటికీలోంచే వెళ్ళింది.

జాలర్లు టోపీలు తీసి, తాళ్ళు కట్టి దించారు. నేను కింద నిలబడ్డాను. పెట్టె అడుగు చెక్క మాత్రం కనబడింది... గాలికి కొంచెం తిరిగింది.

అప్పటినుంచి నాకు ఒక్కటే కోరిక. ఆమె వెళ్ళిన దారిన వెళ్ళాలి.

ఇప్పుడు ఇల్లు పాత ఇళ్ళని కాపాడే సంఘానిది. పోయేదాకా నన్ను ఉండనిస్తారట. పెద్ద దయ. ఎర్ర పెంకులు మార్చారు. గోడలకి వెల్ల వేశారు. ఆ తర్వాత సంఘం తరఫున మిస్ లామండ్ పైకొచ్చి కిటికీ ముందు నిలబడింది.

"ఇక్కడ నడుమ ఒక రాతి కంబం ఉండేది, రెన్నీ గారూ. మళ్ళీ పెడతాం."

"పెడితే నేనెలా పోవాలి?"

"ఎక్కడికండీ?"

"చర్చి వెనక్కి. మా ఆవిడ పక్కకి."

ఆమె తలుపు వైపు చెయ్యి చూపింది. "మెట్లున్నాయి కదా."

"బతికుండగా వంగి దిగుతున్నాను. చచ్చాక వంగను."

"ఇప్పుడందరూ ఆసుపత్రిలోనే పోతున్నారండీ."

మర్యాదగానే అంది. అందుకే క్షమించను.

రాయి పెట్టడానికి తాపీమేస్త్రి ముర్డో వచ్చాడు. బడిలో నాతోపాటు దెబ్బలు తిన్నవాడు. సిమెంటు చుక్క తగలకూడదని మిస్ లామండ్ ఆజ్ఞ — సిమెంటు పాత రాయికి ఊపిరాడనివ్వదట. అంతా సున్నమే.

నేను మంచం మీద కూర్చుని చూశాను. వెలుతురు సన్నబడుతూ వచ్చింది.

"మొహం అలా పెట్టకురా డూగల్. రాయి పగులుద్ది."

"నీ చెయ్యి పడ్డాక పగలకపోతే వింత."

నవ్వాడు. తాపీ తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, ఇది సున్నం. అడుగునా పైనా ఊరికే తాకించా. ఇద్దరు భుజం ఆనిస్తే ఊడొచ్చేస్తది. కాకపోతే సున్నం ఏళ్ళకేళ్ళు బిగుస్తానే ఉంటది. నువ్వు మరీ ఆలస్యం చెయ్యమాక."

నేను మెచ్చుకోలేదు. టీ కూడా ఇవ్వలేదు.

కిటికీ రెండు ముక్కలైంది. సముద్రమూ అంతే. ఎడమ సగంలో పడవలు. కుడి సగంలో ఖాళీ నీళ్ళు. మంచం మీద ఎఫీ పడుకున్న వైపు నుంచి ఖాళీ నీళ్ళే కనబడతాయి.

నేను ఆ వైపే పడుకుంటాను.

నా గుండె గట్టిదని డాక్టరు మెచ్చుకున్నాడు. ఆయన్నీ క్షమించను.

రోజూ పొద్దున లేచి రాతి అతుకులో గోరు నొక్కుతాను. తేమ ఉన్న రోజుల్లో మెత్తగా దిగుతుంది. వెన్నలో దిగినట్టు. ఎఫీ... ఇంకా దారి ఉంది.

ఈ వారమంతా ఎండ.

ఇవాళ కూడా నొక్కాను —

గోరు దిగింది.

నిన్నటంత కాదు...