సున్నం వేసిన కప్పు

ఇంటి ఓనరు మాస్టారు కారుతున్న కప్పు చూడటానికి వస్తానని కబురు పంపగానే అత్తగారు ఒక ఘనకార్యం చేసింది. కోడలు బట్టలు కుడుతుంది. కుట్టిన కోట్లు ఇచ్చి రావడానికి అలా వెళ్లిందో లేదో, ఈవిడ నిచ్చెనెక్కి కప్పుకీ గోడలకీ తెల్లగా సున్నం కొట్టేసింది. కారే చోట్ల పెట్టుకున్న గిన్నెలన్నీ తన మంచం కిందకి తోసేసింది. గోడ మీది పసుపు మరకలు, అటక అంచున పట్టిన నల్లటి బూజు, అన్నీ మాయం.

"అత్తయ్యా! ఆయన వచ్చేదే ఆ మరకలు చూడటానికి కదా!"

"పెద్దమనిషి వస్తుంటే ఇల్లు అలాగే ఉంచుతామా? మన పరువేం కాను?" అంది పెద్దావిడ, ముక్కుకంటిన సున్నం తుడుచుకుంటూ.

పరువు సంగతి సరే, ఇక్కడ పొట్టకూడే పోయేలా ఉంది. అటక మీద దాచిన కోటు బూజు వాసన వేస్తోందని ఒకావిడ మొన్ననే మొహం మీద పడేసి వెళ్లింది. ఇంకో వానాకాలం ఇలాగే గడిస్తే కుట్టించుకునేవాళ్లెవరూ ఈ గుమ్మం తొక్కరు. కప్పు బాగుచేయించాల్సింది ఓనరు. ఆయన కాదంటే ఇల్లు ఖాళీ చేయాల్సిందే. కొత్త వీధిలో మళ్లీ మొదటి నుంచి పేరు తెచ్చుకోవడమంటే మాటలా?

మాస్టారు చెడ్డవారేం కాదు. బళ్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. దగ్గరుండి కట్టించుకున్న ఇల్లు కారుతోందంటే మాత్రం, తననెవరో తిట్టినట్టే మొహం ముడుచుకుంటారు. మర్నాడు వచ్చి, తలెత్తి, కప్పుని ఈ మూల నుంచి ఆ మూల దాకా చూశారు.

"ఎక్కడమ్మా కారేది? శుభ్రంగా ఉందే!"

"నిన్నటిదాకా మరకలున్నాయండీ. అత్తయ్య సున్నం వేసేశారు."

"చూపించాల్సిన మరకలకి ఎవరైనా సున్నం వేస్తారా? కిటికీలు మూసుకుని వండుకుంటారు, తడి బట్టలు లోపలే ఆరేస్తారు. గోడలకి ఆవిరి పట్టదూ?"

కోడలికి ఒళ్లు మండింది. అత్తగారు తలొంచుకుని చీర చెంగు నలుపుతోంది.

"సరే, ఎలాగూ వచ్చాను, నా పెట్టె చూసుకుని పోతాను" అంటూ మాస్టారు నిచ్చెనెక్కారు. అటక మీద ఒక మూల ఆయన పెట్టె ఉంది. దాన్ని కదపకూడదన్న షరతు మీదే ఇల్లు అద్దెకిచ్చారు. అందులో, పోయిన భార్య వాయించుకున్న వయొలిన్ ఉంది.

పెట్టె మీద టార్పాలిన్ కప్పి ఉంది. ఆయన లాగేసరికి, మడతల్లో నిలిచిన వాన నీళ్లు భళ్లున ఆయన చొక్కా మీదే పడ్డాయి. ఇంకోసారైతే కోడలు నవ్వేదే. మాస్టారు గబగబా పెట్టె తెరిచారు. లోపల వయొలిన్ పొడిగా ఉంది. పెట్టె పక్కనే ఉన్న కోడలి బట్టల మూట మాత్రం నాని ముద్దయిపోయింది.

"ఇది ఎవరు కప్పారమ్మా?"

"నేనేనండీ. అత్తయ్య మంచం మీద కట్టడానికని తెచ్చాను. అక్కడ చుక్క కూడా పడటం లేదని, మీ పెట్టె మీద కప్పమని ఆవిడే అన్నారు."

ఆయన నిచ్చెన మీదే నిలబడి వయొలిన్ని చాలాసేపు నిమిరారు. "ఇది తడిసుంటే తట్టుకోలేకపోయేవాణ్ణి" అన్నారు. పెట్టె మూసి కిందికి దిగి, "రేపు మేస్త్రీని తీసుకొస్తాను. ఎక్కడెక్కడ కారుతోందో చూపించండి" అన్నారు.

అప్పుడు కదిలింది అత్తగారు. వంగి, మంచం కింది గిన్నెలు ఒక్కొక్కటే ఇవతలకి లాగింది. ఒకటి కుట్టుమిషను పక్కన, ఒకటి గుమ్మం దగ్గర, ఒకటి అటక కింద పెట్టింది. ఆ చోట్లన్నీ కోడలికి కంఠతా వచ్చు. ఆఖరి గిన్నె పట్టుకుని మాత్రం పెద్దావిడ కోడలి వంక చూస్తూ కాసేపు ఆగింది.

తర్వాత వెళ్లి, దాన్ని తన దిండు మీద పెట్టింది.