రెండో ఎద్దు

ఆ గదిలో నారాయణ కూర్చున్నది తక్కువ, లేచి తిరిగింది ఎక్కువ. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పోయిన మాటను తిరిగి నేర్పే గది అది. బల్లకు అటు మాటలు నేర్పే అమ్మాయి దీప్తి, ఇటు నారాయణ భార్య వనజమ్మ. ఇరవై రోజుల కిందట ఇంటిముందర శనక్కాయలు ఒలుస్తూ వనజమ్మ పక్షవాతం వచ్చి పక్కకు ఒరిగిపోయింది. కుడిచెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చింది గానీ, మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ఈరోజు పది ప్రశ్నల పరీక్ష. సగమన్నా రాకపోతే తిరుపతి పెద్దాసుపత్రికి రాస్తామన్నారు.

జమ్మలమడుగులో బస్సెక్కినప్పటినుంచి నారాయణను ఒకటే గుబులు తొలుస్తోంది. పులివెందులలో బామ్మర్ది నాగేంద్ర ఇట్లాగే పడిపోయి, ఏడాదైనా ‘ఊ’ తప్ప ఇంకేమీ అనలేడు. అయితే పోయినవారం దీప్తి ఒక మాట చెప్పింది. ఆడవాళ్ల మెదడులో మాటకు రెండుపక్కలా చోటుంటుందని, మగవాళ్లకు ఎక్కువగా ఎడమపక్కేనని కొందరు రాశారట. తర్వాత ఎక్కువమందిని పరీక్షించి చూసినవాళ్లు అంత తేడా లేదన్నారట. ఆ చివరి మాటను నారాయణ చెవిలోకి రానీయలేదు. ఆడవాళ్ల మాట జోడెద్దుల బండి, ఒకటి పడినా ఇంకోటి లాగుతుందని ఊరంతా చెప్పుకున్నాడు. నలభై ఏండ్లు ‘నోరు మూసుకోయే’ అన్న మనిషి, ఇప్పుడు ఆ రెండో ఎద్దుకు దండాలు పెట్టుకుంటున్నాడు.

తొమ్మిది బొమ్మలు అయిపోయాయి. రోకలి, కోడి, కొడవలి, చెంబు సరిగ్గా చెప్పింది. చాటను జల్లెడంది. మిగతావాటికి పెదవులు కదిలాయంతే. నాలుగే వచ్చాయి.

"ఈయన పేరేందమ్మా?" అని దీప్తి నారాయణను చూపించింది.

వనజమ్మ కొంగు లాక్కుని తల పక్కకు తిప్పుకుంది. దీప్తి రెండుసార్లు అడిగి, కాసేపు చూసి, సున్నా చుట్టబోయింది.

"రొంత ఆగుమా," అన్నాడు నారాయణ. "అది మాట రాక కాదు. మొగుని పేరు అనగూడదని పెండ్లయిన కాన్నుంచి అన్లేదు. ఏమారి కూడా జారనీకుండా దాటుకుంటాందంటే, పేరు లోపల ఉన్నట్టే గదా?"

దీప్తి కలం ఆపింది. మాట అందీయొద్దని ఆయనకు సైగ చేసి, వనజమ్మ వైపు వంగింది. పేరొద్దులే, ఈయన ఎవరో చెప్పమంది.

నారాయణ కిటికీ దాకా పోయి వచ్చాడు. మళ్లీ పోయాడు. కొడుకు చేసిన ఫోను జేబులో మోగుతోంటే నొక్కేశాడు.

"అవినాష్..." అంది వనజమ్మ. "నాయన."

అవినాష్ వాళ్ల కొడుకే. దీప్తి అయిదో గీత గీసి, ఇక్కడికే వారానికి మూడుసార్లు రమ్మంది. తర్వాత నవ్వుతూ, ఇప్పుడు మీ వంతు పెద్దాయనా, ఈమె పేరేందో చెప్పండి అంది.

నారాయణ నోరు తెరిచాడు. ఏమే, ఇదో, పిల్లోని అమ్మ. ఇవి తప్ప ఆయన ఆమెను ఇంకోరకంగా పిలిచిందే లేదు. ఆసుపత్రి చీటీలో కూడా ఆమె పేరు కొడుకే రాయించాడు. ఏ జబ్బూ లేని మెదడును రెండుపక్కలా వెతుక్కున్నా పలుకు రాలేదు. వనజమ్మ మూతి ఒకపక్క వంకరగా నవ్వింది.

ఆయన కాళ్లు ఇంకా నిలవలేదు. మిగతా అయిదూ ఎప్పటికొస్తాయో, అసలొస్తాయో రావో. తలుపు దాకా పోయి తిరిగొస్తుంటే వెనకనుంచి వినబడింది, ఎవరూ అడగకుండానే.

"ఏంటికట్లా... తిరుగుతాండావు. కుచ్చో."

నారాయణ కూర్చున్నాడు.